గోడవైపు తిరిగిన బిళ్ళ

గోడలోంచి పీకిన టీవీ వైరును మేస్త్రి తెల్లారినా వదల్లేదు. రాత్రి తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు. పొద్దున దాన్ని తువ్వాలులా భుజాన వేసుకుని పళ్ళు తోముకున్నాడు. ఇప్పుడు తొమ్మిదిన్నర. బల్ల ముందు కూర్చుని చేతికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ చుట్టుకుంటున్నాడు.

"పదకొండింటికి మళ్ళీ వేస్తారట," అంది తల్లి, ఎవరివైపూ చూడకుండా. "ఇవాళైనా చివరిదాకా చూడనిస్తే బాగుండు. నా కూతురి పేరు పడేది చివర్లోనేనట."

"పడుతుంది, పడుతుంది," అంది మేస్త్రి భార్య వంటింట్లోంచి. "కూతురి పేరు టీవీలో, కొడుకు పేరు పోలీసు స్టేషన్లో. మీకు రెండు కళ్ళూ చాలవు అత్తయ్యా."

చెల్లెలు తలుపు పక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అన్న మేస్త్రిగా ఉన్న లాండ్రీలోనే ఆమె ఆరేళ్ళు ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టింది. రెండేళ్ళుగా టీవీ కంపెనీలో చేస్తోంది. ఒక షాటులో కుర్చీ మీదున్న కోటు తర్వాతి షాటులోనూ అదే మడతతో ఉందా లేదా చూసుకోవడం ఆమె పని.

నిన్న సాయంత్రం ఆ కంపెనీ తీసిన కొత్త సీరియల్ మొదటి ఎపిసోడ్ వచ్చింది. హత్య కథ. మొదటి షాటులోనే లాండ్రీలో దుప్పట్లు ఉతికే పెద్ద మిషను డ్రమ్ములో శవం. ఇల్లంతా కూర్చుని చూస్తున్నారు. డిటెక్టివ్ స్విచ్చి బోర్డు దాకా నడిచింది. నాలుగో స్విచ్చికి వేలాడుతున్న ఇత్తడి బిళ్ళ మీద చెయ్యి వేసింది. అంతే, మేస్త్రి లేచి వైరు పీకేశాడు.

ఎందుకు పీకాడో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఎనిమిది నెలల కిందట అతని లాండ్రీలో, అతని షిఫ్టులో, నాలుగో డ్రమ్ములోనే, అందరూ పొడుగోడు అని పిలిచే పనివాడు చచ్చిపోయాడు. పొడుగోడి భార్య ఇదే మెట్ల కింద, కింది వాటాలో ఉంటుంది.

"ఎన్నిసార్లు చెప్పాలి అన్నయ్యా? ఆ కథ నేను రాయలేదు."

"రాయలేదు. చెప్పావు."

"చెప్పాను. రచయిత వచ్చి అడిగాడు. లాండ్రీలో చేశావట కదా, అక్కడ మనిషిని చంపాలంటే ఎలా చంపుతారమ్మా అన్నాడు. అక్కడ ప్రత్యేకంగా చంపక్కర్లేదు సార్, పని చేయిస్తే చాలు అన్నాను. నవ్వాడు. తర్వాత బిళ్ళల సంగతి చెప్పాను."

"ఎందుకు చెప్పాలి?"

"ఎందుకంటే అదొక్కటే మన దగ్గర గొప్పగా చెప్పుకునేది. అది పెట్టింది నువ్వు."

అది నిజమే. దుప్పట్లు మెలిపడి డ్రమ్ములో ముద్ద కట్టుకుపోతే ఎవరో ఒకరు లోపలికి దిగి కోసి తీయాలి. స్విచ్చి బోర్డేమో దూరంగా, గది చివరి గోడకి ఉంటుంది. అక్కడ నిలబడినవాడికి డ్రమ్ము మూతి కనపడదు. అందుకని దిగేవాడు తన మెళ్ళోని నంబరు బిళ్ళ తీసి ఆ డ్రమ్ము స్విచ్చికి తగిలించి దిగుతాడు. బిళ్ళ ఉన్నంతసేపు స్విచ్చి ముట్టుకోకూడదు. ఒకడి బిళ్ళ ఇంకొకడు తీయకూడదు. ఇంతవరకు ఏ ఫ్యాక్టరీలోనైనా ఉండేదే. మేస్త్రి దానికి ఇంకొకటి కలిపాడు: నంబరు గోడవైపు ఉండాలి. స్విచ్చి కోసం వచ్చిన చెయ్యి ముందు బిళ్ళను పట్టుకోవాలి, తిప్పాలి, ఎవరి నంబరో చదవాలి. కంటికి ఎదురుగా ఎప్పుడూ కనపడే నంబరును నాలుగు రోజుల తర్వాత ఎవడూ చదవడని అతని వాదన. ఆ లాండ్రీలో తప్ప ఇంకెక్కడా ఇలా తగిలించరు.

"మా సెట్టులో సామాన్లు పెట్టే ఆయన నంబరు బయటికి కనపడేట్టు తగిలించాడు, కెమెరా కోసం," అంది చెల్లెలు. "నేను చూసుకోవాల్సింది అది కదలకుండా ఉందా లేదా అనే. నా చెయ్యి ఊరుకోలేదు. వెళ్ళి తిప్పేశాను. తిప్పానని నాకే తెలీదు. డైరెక్టరుగారు చూసి, భలే ఉంది, అలాగే ఉంచండి అన్నారు."

"భలే ఉందా! నిన్నటి నుంచి పద్నాలుగు మంది ఫోన్ చేశారు. గోడవైపు బిళ్ళ చూడగానే అందరికీ తెలిసిపోయింది అది మన లాండ్రీ అని. రేపు పదింటికి విచారణ పెట్టుకుని, ఇవాళ ఊరంతటికీ చూపిస్తావా?"

"ఊళ్ళోవాళ్ళకి అది ఏదో ఒక లాండ్రీ. నీకెందుకు మండుతోంది?"

"నాకెందుకా?"

"అవును. నువ్వు మొదటి విచారణలో ఏం రాసిచ్చావు? బిళ్ళ తగిలించకుండా దిగాడు, బిళ్ళ జేబులో దొరికింది. సొంత నిర్లక్ష్యం. అదేగా? మరి టీవీలో బిళ్ళ స్విచ్చికి ఉంది. నీ కథకీ దానికీ పోలికే లేదు. వీళ్ళకేం తెలుసని నవ్వి ఊరుకోవాలి. వైరు పీకుతావేం?"

"పీకక? ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంటే కూర్చుని చూడమంటావా? ఆ బిళ్ళ స్విచ్చి మీదే ఉందని నీకెవరు చెప్పారు? ఎవడు కూశాడు?"

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది.

చెల్లెలు గోడ వదిలి వచ్చి అన్నకు ఎదురుగా కూర్చుంది.

"ఎవరూ చెప్పలేదు. రచయిత ఊహించి రాశాడు. నాకు ఇప్పుడు నువ్వే చెప్పావు."

మేస్త్రి చేతికి చుట్టుకున్న వైరు వేళ్ళ మధ్య బిగిసింది. తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏం చెప్పాడు? నాకేం అర్థం కాలేదు."

"పొడుగన్న బిళ్ళ తగిలించే దిగాడమ్మా. అది అక్కడే ఉంది. అన్నయ్య చూశాడు. చూసి, లేదని రాసిచ్చాడు."

"ఒరేయ్."

"నువ్వు ఊరుకోమ్మా."

"ఊరుకోవడానికి నేనేం గోడనా? నిజమేనా?"

మేస్త్రి భార్య చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. చెల్లెలు అది గమనించింది. చూడటమే కదా ఆమె పని.

"నీకు తెలుసన్నమాట వదినా."

"తెలుసు. ఎనిమిది నెలలుగా తెలుసు. కింద ఆవిడ నీళ్ళు పట్టుకుంటుంటే నేను కుళాయి దగ్గరికి వెళ్ళడం మానేశాను. చాలా? ఇంకేమైనా అనాలా?" ఆమె గొంతు పెంచలేదు. "మేనేజరు రాయమన్నాడు, ఈయన రాశాడు. రాయనంటే ఈయన ఎక్కడుండేవాడో నీకు తెలీదు. నీకు వేరే పని దొరికింది, వెళ్ళిపోయావు. అందరికీ టీవీ కంపెనీలు దొరకవు పిల్లా."

"అయితే స్విచ్చి వేసింది మేనేజరేనా?"

మేస్త్రి మళ్ళీ వైరు విప్పి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, నిన్నే. మేనేజరేనా?"

"నోరు మూసుకో."

అతను ఆ మాట గట్టిగా అనలేదు. బతిమాలినట్టు అన్నాడు. ఆ తేడా ఆ గదిలో ముగ్గురు ఆడవాళ్ళకీ వినపడింది. ముగ్గురూ మూడు రకాలుగా అర్థం చేసుకున్నారు.

ఫోన్ మోగింది. మేనేజరు నంబరు చూసి మేస్త్రి లేచి నిలబడ్డాడు. కూర్చుని మాట్లాడే ఫోను కాదది.

"చెప్పండి సార్… చూశాను సార్. లేదు, సగమే… అవును, మా చెల్లెలే. లేదండీ, ఏమీ చెప్పలేదు, అది వట్టి కథ… అలాగే. కారు తొమ్మిదింటికే కదా? సిద్ధంగా ఉంటాను… ఏంటి సార్?" అతను ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి చెల్లెలి వైపు తిరిగాడు. మొహం ఎలా పెట్టాలో తెలియనట్టు ఉన్నాడు. "రెండో ఎపిసోడ్‌లో హంతకుడు ఎవరని తేలుతుందో అడుగుతున్నాడు."

తల్లి పకపకా నవ్వింది. ఆమె ఒక్కతే.

"పన్నెండో ఎపిసోడ్ దాకా రచయితకే తెలీదని చెప్పు," అంది చెల్లెలు.

"మా చెల్లెలికి తెలీదట సార్," అన్నాడు మేస్త్రి ఫోన్‌లోకి.

కంపెనీలు సీరియళ్ళకు భయపడవు. సాక్షికి భయపడతాయి. అందుకే విచారణ రోజున సాక్షికి కారు పంపిస్తాయి. మేస్త్రి పాతికేళ్ళు ఆ లాండ్రీకి సైకిలు మీద వెళ్ళాడు. వానలో, జ్వరంతో, పెళ్ళయిన మర్నాడు కూడా. రేపు మొదటిసారి కారులో వెళ్తాడు, చచ్చినవాడిదే తప్పని రెండోసారి చెప్పడానికి.

మొదటిసారి చెప్పినప్పుడు అంతా ఐదు నిమిషాల్లో అయిపోయింది. పొడుగోడి భార్య కార్మిక శాఖ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి మళ్ళీ విచారణ తెచ్చుకుంది. ఆమె అడిగింది ఒకటే. ఆ కాగితంలో 'సొంత నిర్లక్ష్యం' అనే రెండు మాటలు కొట్టేయాలి. ఆఫీసులో గుమాస్తా, దానివల్ల నీకేం వస్తుందమ్మా అని అడిగాడట. ఆయనకొస్తుంది అందట.

పదకొండుకు పావుగంట ముందు ఆమె పైకి వచ్చింది. చంకలో పీట, చేతిలో బఠాణీ కాయల గిన్నె. బడిలో గదులు ఊడ్చే పని ఆమెది. నిన్న తొమ్మిదింటికి గానీ ఇల్లు చేరలేదు. ఆమె ఇంట్లో టీవీ లేదు.

"పెద్దమ్మా, పదకొండింటికి మళ్ళీ వేస్తారటగా. మన లాండ్రీ చూపించారని పని దగ్గర ఒకటే గోల. నేను ఇక్కడ కూర్చుంటా, కాయలు ఒలుచుకుంటా చూస్తా."

"రా, రా. కూర్చో," అంది తల్లి.

"టీవీ పాడైంది చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి.

ఆమె టీవీ వైపు చూసింది. వెనక గోడలోని ఖాళీ ప్లగ్గు వైపు చూసింది. తర్వాత అతని చేతికి చుట్టుకుని ఉన్న వైరు వైపు చూసింది.

"పాడైన టీవీ నీ చేతిలో ఉందే అన్నయ్యా."

ఆమె పీట వేసుకుని కూర్చుంది. రెండు కాయలు ఒలిచింది. గింజలు గిన్నెలో పడ్డాయి.

"నేను చూడకూడనిది ఏమైనా ఉందా అందులో?"

"ఉందమ్మాయ్," అంది మేస్త్రి భార్య గబుక్కున. "శవాన్ని చూపిస్తారు. నీ మంచికే. ఎందుకు ఇప్పుడు అవన్నీ?"

"శవాన్ని నేను అసలుదే చూశాను వదినా."

మేస్త్రి వైరు విప్పి బల్ల మీద పెట్టాడు. చెల్లెలు తీసుకెళ్ళి టీవీకీ గోడకీ తగిలించింది.

సీరియల్ మొదలైంది. డ్రమ్ము నెమ్మదిగా తిరుగుతోంది. అద్దం వెనక నురగ. నురగలోంచి ఒక మేజోడు, అందులో పాదం. సంగీతం అదిరిపోయింది.

"ఆ నురగేంటి?" అంది కిందింటి ఆవిడ. "గడ్డం గీసుకునే నురగలా ఉంది."

"అదే అక్కా. సబ్బు నురగ కెమెరాకి ఆనదు."

"డ్రమ్ము చెక్కదా?"

"చెక్కే. వెండి రంగు వేశారు."

"బాగానే ఉంది. దుప్పటి సంచి మూతి మాత్రం అలా కట్టరు. రెండు మెలికలుండాలి."

ఆమె ఒలుస్తూనే ఉంది. తెర మీద డిటెక్టివ్ వచ్చింది. ఎవరినీ నమ్మని మొహం. అందరినీ ఒకే ప్రశ్న అడుగుతోంది, చివరిసారి ఎప్పుడు చూశారు అని. అందరూ అబద్ధాలు చెబుతున్నారు. అబద్ధం చెప్పిన ప్రతిసారీ కెమెరా వాళ్ళ మొహం దగ్గరికి వెళ్తోంది. మేస్త్రి భార్య కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడింది. మేస్త్రి టీవీ చూడటం లేదు. బఠాణీ గింజలు పడుతున్న గిన్నెను చూస్తున్నాడు.

డిటెక్టివ్ స్విచ్చి బోర్డు ముందు ఆగింది. ఇత్తడి బిళ్ళ, గోడవైపు తిరిగి ఉంది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో తిప్పింది. తెర నిండా నంబరు. 'లోపల మనిషున్నాడని బిళ్ళ చెబుతూనే ఉంది. చూసి కూడా స్విచ్చి వేశారు. ఇది ప్రమాదం కాదు,' అంది డిటెక్టివ్.

గింజల చప్పుడు ఆగిపోయింది.

"దీన్ని ఇలా తగిలించింది ఎవరు?" అంది కిందింటి ఆవిడ.

"నేనే అక్కా. అలవాటు కొద్దీ."

"ఆయన కూడా అలాగే తగిలించేవాడు. ఇంట్లో మేకుకి చొక్కా తగిలించినా లోపలివైపు బయటికి తిప్పి తగిలించేవాడు, ఆ అలవాటుతో. నేను తిట్టేదాన్ని." ఆమె గిన్నె కింద పెట్టింది. బొడ్లోంచి చిన్న గుడ్డ మూట తీసి విప్పింది. ఎర్ర తాడుతో ఒక ఇత్తడి బిళ్ళ. ముప్ఫై ఒకటి. "రేపు విచారణలో చూపించాలని దగ్గర పెట్టుకున్నా. అన్నయ్యా, నిన్నొకటి అడుగుతా. ఇన్నాళ్ళూ ఎవర్నడగాలో తెలీలేదు."

మేస్త్రి తల ఎత్తాడు.

"ఆ రోజు ఆయన వేసుకున్నది నీలం చొక్కా. నా చేతికి వచ్చేసరికి తెల్లగా ఉంది. ఆసుపత్రి బట్టలకి వేసే మందు కదా, రంగు తాగేసింది. జేబులో దొరికినవని మేనేజరు ఒక కవరు పంపించాడు. బస్సు పాసు మీద అక్షరం లేదు. రుమాలు పాలిపోయింది. అన్నీ అంతే. ఈ తాడు ఒక్కటి ఎర్రగా ఉంది." ఆమె తాడు వేలికి చుట్టి చూపించింది. "ఇది నా పాత లంగా చింపి నేను పేనింది. మామూలు నీళ్ళలో ముంచినా రంగు వదులుతుంది. ఆ నీళ్ళలోకి దిగిన తాడు ఇలా ఎర్రగా ఎలా ఉంది?"

టీవీలో ఎవరో పరుగెత్తుతున్నారు. తల్లి లేచి చప్పుడు తగ్గించింది. నిన్నటి నుంచి కూతురి పేరు కోసం ఎదురుచూసిన మనిషి, ఇప్పుడు టీవీకి వీపు పెట్టి నిలబడింది.

"అది నేను మార్చాను."

అన్నది మేస్త్రి భార్య. ఆమె గుమ్మం వదిలి లోపలికి వచ్చింది.

"నువ్వా వదినా?"

"ఆ. ఆ రోజు కవరు ముందు మా ఇంటికే వచ్చింది. నీకిమ్మని ఇచ్చారు. తాడు పాలిపోయి చూడటానికి ఘోరంగా ఉంది. నువ్వు తట్టుకోలేవని దాన్ని పారేసి ఈయన తాడు విప్పి కట్టాను. నువ్వు రెండు పేనావు కదా, ఒకటి మీ ఆయనకి, ఒకటి ఈయనకి. ఒకే గుడ్డ. అందుకే ఈయన అప్పట్నుంచి తాడు లేకుండా బిళ్ళ జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. చూసే ఉంటావు."

ఒక్క అతుకు కనపడని అబద్ధం. టీవీ రచయిత నెల రోజులు కూర్చున్నా అల్లలేడు. ఆమె పొయ్యి మీద కూర పెట్టుకుని నిలబడి అల్లింది. పాతికేళ్ళు ఒక మనిషితో కాపురం చేసి, అతన్ని కాపాడుకోవాల్సి వచ్చినప్పుడు ఆడవాళ్ళు ఇలాంటివి చేయగలరు. మేస్త్రి చేయాల్సింది తల ఊపడం. మాట కూడా అక్కర్లేదు.

కిందింటి ఆవిడ అతని వైపు తిరిగింది.

"అవునా అన్నయ్యా?"

మేస్త్రి లేచాడు. అందరినీ దాటుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. అలమారు తలుపు కిర్రుమంది. ఏదో రేకు డబ్బా మూత ఊడిన చప్పుడు. అతను తిరిగొచ్చినప్పుడు చేతిలో ఇంకో బిళ్ళ ఉంది. దానికీ తాడుంది. ఎర్ర తాడు.

మేస్త్రి భార్య గోడ పట్టుకుంది. ఆ బిళ్ళ తాడుతో సహా ఇంట్లోనే ఉన్నట్టు ఆమెకు తెలియదు.

"ఏవండీ, వద్దు."

అతను బల్ల మీద దాన్ని పెట్టాడు. కిందింటి ఆవిడ ముందు చెయ్యి చాపాడు. ఆమె మొదట ఇవ్వలేదు. తర్వాత తన చేతిలోది ఇచ్చింది. అతను రెండు బిళ్ళలనూ నంబర్లు కిందికి ఉండేలా బోర్లించాడు. తాళ్ళు పక్కపక్కనే పడ్డాయి. ఒకే ఎరుపు, ఒకే పేనిక, ఒకే ముడి. ఒకసారి చేత్తో మూసి రెంటినీ అటూ ఇటూ జరిపాడు.

"ఏది ఎవరిదో చెప్పు."

ఆమె చాలాసేపు చూసింది.

"చెప్పలేను."

"నేనూ చెప్పలేకపోయాను." అతను మాట్లాడుతున్నది బల్లతో. "ఆ రోజు పొద్దున నేనే ఆ డ్రమ్ములోకి దిగాను. నా బిళ్ళ తగిలించే దిగాను. పైకొచ్చి సరుకు దించేచోటికి వెళ్ళాను. మళ్ళీ వచ్చేసరికి నాలుగోది ఆగి ఉంది. ఎందుకు ఆగింది అని మేనేజరు పైనుంచి అరుస్తున్నాడు. బోర్డు దగ్గరికెళితే బిళ్ళ వేలాడుతోంది. ఎర్ర తాడు. నాదే, పొద్దున తీయడం మర్చిపోయాను అనుకున్నాను."

"తిప్పి చూడాలి కదా అన్నయ్యా."

"చూడాలి."

"చూశావా?"

"లేదు."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తీసేసి స్విచ్చి వేశాను. బిళ్ళ మెళ్ళో వేసుకోబోతే వేళ్ళకి ఇంకోటి తగిలింది." అతను ఆగాడు. "నాది నా మెళ్ళోనే ఉంది."

ఎవరూ ఏడవలేదు. టీవీలో మాత్రం ఎవరో ఏడుస్తున్నట్టుంది, చప్పుడు తక్కువగా ఉండటం వల్ల తెలియలేదు.

"పరిగెత్తాను. అప్పటికే… మేనేజరు వచ్చి నా చేతిలో బిళ్ళ చూశాడు. ఇలా ఇవ్వు, ఇది వాడి జేబులో దొరికింది అన్నాడు. తలుపు సరిగ్గా పడకపోతే మోటారు తిరక్కుండా ఆపే మీట ఉంటుంది చెల్లెమ్మా. నాలుగోదానికి అది మూడేళ్ళుగా పనిచేయడం లేదు. తీగతో కట్టి నడిపిస్తున్నాం. కట్టమన్నది ఆయన, కట్టింది నేను. బిళ్ళ సంగతి బయటికొస్తే తీగ సంగతీ వస్తుంది. ఇద్దరం మునుగుతాం అన్నాడు. నేను రాసిచ్చాను."

కిందింటి ఆవిడ చెయ్యి చాపి రెండు బిళ్ళలనూ తిప్పింది. ఒక దాని మీద ముప్ఫై ఒకటి, ఒక దాని మీద ఏడు. ముప్ఫై ఒకటిని తీసి గుడ్డలో చుట్టి మళ్ళీ బొడ్లో దోపుకుంది. ఆ పని చాలా నిదానంగా చేసింది. తర్వాత అడిగింది.

"రేపు తొమ్మిదింటికి నీకోసం కారొస్తుందటగా. వీధంతా చెప్పుకుంటున్నారు."

"వస్తుంది."

"ఎక్కుతావా?"

"ఎక్కక?" అంది మేస్త్రి భార్య. "ఎక్కక ఏం చేస్తాడు? కావాలని చేశాడా? తెలిసి చేశాడా? జైల్లో పెడతారమ్మాయ్. అప్పుడు నేనేమవుతాను?"

"నేనేమయ్యానో అదే అవుతావు వదినా. కాకపోతే నీ మనిషి తిరిగొస్తాడు."

కిందింటి ఆవిడ గిన్నె చేతిలోకి తీసుకుంది, పీట చంకన పెట్టుకుంది.

"అన్నయ్యా, నిన్ను తిట్టాలో కొట్టాలో నాకు ఇప్పుడు తెలీడం లేదు. కింద కూర్చుని ఆలోచించుకుంటా. ముందు ఆ రెండు మాటలు తీయించు. ఆయన బిళ్ళ తగిలించే దిగాడని నీ నోటితో చెప్పు. తీగ సంగతి కూడా. మిగతాది మన మధ్య."

"కారెక్కను," అన్నాడు మేస్త్రి.

"ఏంటి?"

"కారెక్కను. నీతో వస్తాను. బస్సులో వెళ్దాం."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. అడుగుల చప్పుడు కింది గుమ్మం దాకా వినిపించింది. తలుపు పడింది.

తెర మీద పేర్లు పడుతున్నాయి. తల్లికి చదవడం రాదు. ఏది నీ పేరు అని ఆమె అడగలేదు, చెల్లెలు చూపించలేదు. మేస్త్రి బల్ల మీద తల ఆనించాడు. అతని వీపు చూస్తే, చాలా రోజుల తర్వాత నిద్ర పట్టబోతున్న మనిషిలా ఉన్నాడు.

"అన్నయ్యా, నీ ఫోనేది?" అంది చెల్లెలు ఉన్నట్టుండి.

బల్ల మీద లేదు. వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఇంతకుముందు ఆ తలుపు తెరిచే ఉంది. ఆమెకు అలాంటివి ఇట్టే తెలుస్తాయి.

ఆమె వెళ్ళి తలుపు తోసేలోపే లోపల్నుంచి వదిన గొంతు వినిపించింది. తడి లేదు, తొణుకు లేదు.

"మేనేజరుగారా? మేస్త్రి భార్యను. ఈయన మనసు మారింది సార్. కారు రేపటిదాకా ఆపకండి. ఇప్పుడే పంపించండి."